నాగోల్‌లో నైట్ షిఫ్ట్.. ఒంట్లో గడియారం ఏ దేశానిది?

మన దేశంలో గడియారం ముళ్లు ముందుకీ వెనక్కీ తిప్పే పద్ధతి లేదు. నాగోల్‌లో మాత్రం ఉంది. మార్చి రెండో ఆదివారం అమెరికావాళ్లు గంట ముందుకు తిప్పగానే ఇక్కడ అల్కాపురి, మమతానగర్, బండ్లగూడ గల్లీల్లో పికప్ క్యాబ్ గంట ముందే వచ్చి నిలబడుతుంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు వెనక్కి తిప్పితే ఇక్కడ గంట ఆలస్యం. న్యూయార్క్‌లో పొద్దున 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. క్లయింట్ కాలిఫోర్నియా అయితే రాత్రి తొమ్మిదిన్నర నుంచి తెల్లారి ఐదున్నర దాకా. అదే చలికాలంలో పదిన్నర నుంచి ఆరున్నర. టీమ్ లీడ్ నుంచి ఒక మెయిల్ వస్తుంది, క్యాబ్ టైమ్ మారుతుంది, అంతే. ఇంట్లో అన్నం టైమ్ కూడా మారిందని అమ్మకి తెలియడానికి రెండు రోజులు పడుతుంది. ఒంటికి తెలియడానికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ అడగరు.

ఇప్పుడు అడగాల్సిన సమయం వచ్చింది. ఎందుకంటే రాత్రి పని చుట్టూ ఉన్న చట్టాలు రెండు మూడేళ్లలో చకచకా మారాయి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం దుకాణాలు 24 గంటలూ తెరుచుకునే వెసులుబాటు ఇచ్చింది. 2025 జులై 5 నాటి జీవో 282తో, దుకాణాలు కాని వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవచ్చంది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి, ఆ ఓవర్‌టైమ్ మూడు నెలల్లో 144 గంటలు మించకూడదు. ఆ తర్వాత 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. మహిళలు సమ్మతిస్తే సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6 లోపు కూడా పని చేయొచ్చని అందులో ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇదే వేళల్లో వాళ్లను పనిలో పెట్టుకోవద్దనేది.

ఈ మార్పు మంచిదే అంటాను. రాత్రి చేయనివ్వకపోవడం వల్ల ఆడపిల్లలకు ఉద్యోగాలు, నైట్ అలవెన్సులు, ప్రమోషన్లు పోయాయి తప్ప వాళ్లకు ఒరిగిందేం లేదు. కానీ ఈ నిబంధనలు వరసగా చదువుతూ పోతే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనపడుతుంది. సమ్మతి పత్రం, క్యాబ్, సీసీ కెమెరా, సెక్యూరిటీ. అంటే రాత్రి అనగానే చట్టానికి గుర్తొచ్చేది దారిలో ప్రమాదం. ఒంట్లో జరిగేదాని గురించి దాదాపు ఏమీ లేదు. 40 ఏళ్లు దాటినవాళ్లకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్షలు అని కేంద్రం చెప్పింది. బాగానే ఉంది. మరి నైట్ షిఫ్టుల్లో ఎక్కువగా ఉండేది ఎవరు? 22 నుంచి 35 మధ్యవాళ్లు. మీటర్ తిరిగేది అప్పుడు, రీడింగ్ తీసేది 40 తర్వాత.

నిద్రగన్నేరుకి నైట్ షిఫ్ట్ వేస్తే

హైదరాబాద్ పాత రోడ్ల పక్కన గొడుగులా పరుచుకున్న పెద్ద చెట్లుంటాయి. వాటిని తెలుగులో నిద్రగన్నేరు అంటాం. పొద్దుగూకగానే ఆకులు ముడుచుకుంటుంది కాబట్టి ఆ పేరు. చింతచెట్టూ అంతే. అలెగ్జాండర్ సేనలోని ఆండ్రోస్థనీస్ అనే నౌకాధికారి క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే చింతాకులు రాత్రి ముడుచుకోవడం చూసి రాసిపెట్టాడు. వెలుతురు పోయింది కాబట్టి ముడుచుకుంది అనుకోవడం సహజం. 1729లో ఫ్రాన్స్‌లో డి మైరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు అనుమానం వచ్చి, ఒక అత్తిపత్తి మొక్కను తీసుకెళ్లి చీకట్లో పెట్టాడు. సూర్యుడు కనపడకపోయినా ఆకులు పగటి వేళకు విచ్చుకున్నాయి, రాత్రి వేళకు ముడుచుకున్నాయి. మొక్కకు సూర్యుడు కనపడక్కర్లేదు, టైమ్ దాని లోపలే ఉంది.

ఈ లోపలి గడియారానికే సర్కేడియన్ క్లాక్ అని పేరు. లాటిన్‌లో దాదాపు ఒక రోజు అని అర్థం. ఆ 'దాదాపు' అన్న మాటే అసలు కథ. మనుషుల్ని బయటి టైమ్ తెలియకుండా ఉంచి కొలిస్తే సగటున 24 గంటల 10 నిమిషాలకు కాస్త అటూఇటూగా తేలింది. రోజుకు పది నిమిషాలు వెనకబడే గడియారమన్నమాట. దాన్ని రోజూ సరిచేసేది పొద్దుటి వెలుతురు. మన ల్యాప్‌టాప్ లోపల ఒక గడియారం ఉండి, అది కాస్త కాస్త తప్పుతుంటే ఇంటర్నెట్ నుంచి సర్వర్ సరిచేస్తుంటుంది చూశారా, అచ్చం అదే ఏర్పాటు. మన సర్వర్ తూర్పున ఉదయిస్తుంది.

ఇది మనిషితో మొదలైంది కాదు. సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునే అతి పాత జీవుల్లో ఒకటైన సయనోబ్యాక్టీరియాకీ ఉంది. వరి రైతులు వీటిని నీలి ఆకుపచ్చ నాచు అంటారు. గాలిలో నత్రజనిని పట్టి నేలకిస్తాయని జీవన ఎరువుగా వాడతారు. ఇక్కడే గడియారం ఎందుకు పుట్టి ఉంటుందో అర్థమయ్యే చిక్కు ఒకటుంది. నత్రజనిని పట్టే ఎంజైముకు ఆక్సిజన్ విషం. కిరణజన్య సంయోగక్రియలో పుట్టేదేమో ఆక్సిజన్. ఒకే కణం రెండు పనులూ ఎలా చేయాలి? కొన్ని జాతులు దీనికి చోటు విడదీసుకున్నాయి: ఈ పని చేసే కణాలు వేరు, ఆ పని చేసేవి వేరు. ఇంకొన్ని జాతులు టైమ్ విడదీసుకున్నాయి. పగలు వంట, రాత్రి నత్రజని. అంటే షిఫ్ట్ సిస్టమ్ మనం కనిపెట్టింది కాదు. కాకపోతే వాటి షిఫ్టులు ప్రతి మార్చికీ మారవు.

పైగా టైమ్ ముందే తెలిస్తే లాభం ఉంది. వెలుతురు వచ్చాక మేల్కొని యంత్రాలు సిద్ధం చేసుకునే కణం కంటే, తెల్లారబోతోందని ముందే పసిగట్టి సిద్ధంగా ఉండే కణానిది పైచేయి. ఇది ఊహ కాదు, కొలిచి చూశారు. 1998లో అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి చెందిన కార్ల్ జాన్సన్ బృందం వేర్వేరు వేగంతో తిరిగే గడియారాలున్న సయనోబ్యాక్టీరియాలను కలిపి పెంచింది. విడివిడిగా పెంచితే అన్నీ సమానంగానే పెరుగుతున్నాయి. కలిపి పెట్టి 22 గంటల కృత్రిమ రోజు నడిపితే చిన్న గడియారమున్నది గెలిచింది. 30 గంటల రోజు నడిపితే పెద్ద గడియారమున్నది గెలిచింది. గడియారం మంచిదా చెడ్డదా అన్నది కాదు, బయటి రోజుతో కలిసిందా లేదా అన్నదే తేల్చింది. నైట్ షిఫ్ట్ గురించి ఎవరైనా ఒక్క ప్రయోగమే చెప్పమంటే నేను దీన్నే చెప్తాను.

అవసరం లేకపోతే గడియారం పోతుందా? దీనికి జవాబు మన పక్కనే, బెంగళూరులో వెతికారు. జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో ఎం.కె.చంద్రశేఖరన్, విజయ్‌కుమార్ శర్మ తదితరులు పండ్ల ఈగల్ని 600 తరాలకు పైగా ఆరని వెలుతురులో, రాత్రన్నదే ఎరగకుండా పెంచారు. తర్వాత చీకట్లో పెట్టి చూస్తే వాటి పిల్లలు ప్యూపాల్లోంచి బయటికొచ్చే లయ చెక్కుచెదరలేదు. 1999లో ఈ ఫలితం అచ్చయింది. మనుషుల లెక్కలో 600 తరాలంటే పదివేల ఏళ్లు దాటుతుంది. 'అలవాటైపోతుందిలే' అని నైట్ షిఫ్ట్‌లో చేరిన కొత్తవాళ్లకు సీనియర్లు చెప్పే మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ ఈగలు గుర్తొస్తాయి.

ప్రొటీన్లతో కట్టిన 555 టైమర్

బీటెక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో 555 టైమర్‌తో ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమనిపించినవాళ్లకు లోపలి యంత్రం సులభంగా అర్థమవుతుంది. ఔట్‌పుట్ తిరిగొచ్చి తన ఇన్‌పుట్‌నే ఆపేయాలి, కానీ కాస్త ఆలస్యంగా ఆపాలి. ఆ ఆలస్యమే డోలనం. 1971లో కాలిఫోర్నియాలో సీమోర్ బెంజర్, రొనాల్డ్ కొనోప్కా పండ్ల ఈగల్లో మూడు తేడా రకాలను పట్టుకున్నారు. ఒకదాని రోజు 19 గంటలు, ఒకదానిది 28, మూడోదానికి అసలు లయే లేదు. మూడింటిలోనూ చెడింది ఒకే జన్యువు. దానికి పీరియడ్ అని పేరు పెట్టారు. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ సాయంత్రం నుంచి పేరుకుంటూ పోయి, కణ కేంద్రకంలోకి దూరి, తన జన్యువు నోరే మూయిస్తుంది. తర్వాత మెల్లగా విరిగిపోతుంది. జన్యువు మళ్లీ మొదలుపెడుతుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఒక రోజు. ఈ చక్రాన్ని విప్పిచెప్పినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017 నోబెల్ వచ్చింది. అప్పటికి బెంజర్, కొనోప్కా ఇద్దరూ లేరు.

ఇంజినీరుగా నాకు ముచ్చటేసేది ఇంకొకటి. మామూలుగా వేడి పెరిగితే రసాయన చర్యల వేగం పెరుగుతుంది. ఆ లెక్కన మే నెలలో హైదరాబాద్ ఈగకు రోజు చిన్నదైపోవాలి, జనవరిలో సాగిపోవాలి. అలా జరగదు. వేడిమి మారినా గడియారం వేగం దాదాపు మారదు. మన సర్క్యూట్లలో ఇదే పని చేసే క్రిస్టల్ ఆసిలేటర్‌కి డబ్బులు ఎక్కువ పెట్టాలి. ఇక జన్యువులే అక్కర్లేని గడియారాలూ ఉన్నాయి. 2005లో జపాన్‌లో తకావో కొందో బృందం సయనోబ్యాక్టీరియాలోని మూడు ప్రొటీన్లను, శక్తి కోసం ఏటీపీని టెస్ట్ ట్యూబ్‌లో కలిపితే అవి సొంతంగా 24 గంటల లయలో తిరిగాయి. కేంద్రకమే లేని మన ఎర్ర రక్తకణాల్లోనూ లయ ఉందని 2011లో కేంబ్రిడ్జ్‌లో జాన్ ఓనీల్, అఖిలేష్ రెడ్డి చూపించారు.

మనిషి ఒంట్లో మాస్టర్ గడియారం మెదడు అడుగున, కళ్ల నరాలు కలిసే చోటుకి పైన ఉంటుంది. సుమారు 20 వేల నాడీకణాలు. కంటిలో చూపుతో పెద్దగా పనిలేని ప్రత్యేక కణాలు కొన్ని వెలుతురును, ముఖ్యంగా నీలి వెలుతురును, పసిగట్టి దానికి కబురు పంపుతాయి. ఈ కబురు చేరవేసే పదార్థం మెలనాప్సిన్ మీద పనిచేసినవాళ్లలో ఒడిశాలో పుట్టిన సచ్చిదానంద పాండా ఒకరు. కాలేయం, క్లోమం, పేగులు, కండరాలు... అన్నిటికీ సొంత గడియారాలున్నాయి. మాస్టర్ వాటన్నిటినీ ఒక తాటి మీద నడిపిస్తుంది. నడిపించాలి.

రాత్రి రెండింటికి బిర్యానీ

ఇక్కడే నైట్ షిఫ్ట్ అసలు దెబ్బ. చాలామంది ఇది నిద్ర సమస్య అనుకుంటారు. రాత్రి పోయిన నిద్ర పగలు పడుకుంటే సరిపోతుందని లెక్క. కానీ మాస్టర్ గడియారం వెలుతురు మాట వింటుంది, కాలేయం గడియారమేమో తిండి మాట వింటుంది. ఎలుకలకు అవి మామూలుగా నిద్రపోయే పగటిపూటే తిండి పెడితే, వాటి కాలేయం గడియారం ఆ వేళకు తిరిగిపోతుంది, మెదడు గడియారం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 2000లో స్విట్జర్లాండ్‌లో యూలీ షిబ్లర్ ల్యాబ్ దీన్ని చూపింది. అంటే ఒకే ఒంట్లో రెండు టైమ్ జోన్లు. ఐటీ కారిడార్‌లో అర్ధరాత్రి దాటాక ఫుడ్ యాప్‌లో పెట్టే ఆర్డర్ అంటే ఇదే: మెదడు నాగోల్‌లో, కాలేయం న్యూజెర్సీలో.

2009లో హార్వర్డ్‌లో ఫ్రాంక్ షీర్ బృందం ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగంలో, పగలూ రాత్రీ తారుమారైన కొద్దిరోజులకే ఎనిమిది మందిలో ముగ్గురికి భోజనం తర్వాత షుగర్ లెవెల్స్ డయాబెటిస్ ముందు దశలో ఉండేంతకు చేరాయి. మనుషులు తక్కువే, కానీ ముగ్గురూ కొత్తగా తిండిపోతులైనవాళ్లు కాదు, మారింది వేళ మాత్రమే. 2021లో అదే పరిశోధకుల వర్గం నుంచి వచ్చిన ఇంకో ప్రయోగం మనకు ఎక్కువ పనికొస్తుంది. 19 మందికి కృత్రిమంగా నైట్ షిఫ్ట్ జీవితం పెట్టారు. సగం మంది రాత్రీ పగలూ తిన్నారు, మిగతావాళ్లు పగలే తిన్నారు. రాత్రి కూడా తిన్నవాళ్ల షుగర్ పెరిగింది. పగలే తిన్నవాళ్లలో ఆ పెరుగుదల కనపడలేదు. నిద్ర టైమ్ మార్చడం మీ చేతిలో లేకపోయినా తిండి టైమ్ కొంత మీ చేతిలో ఉంటుంది. లాగిన్‌కి ముందు కడుపునిండా తిని, అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా మంచినీళ్లు, మజ్జిగతో నెట్టుకురావడం చెప్పినంత తేలిక కాదని తెలుసు. ఆఫీసు కెఫెటీరియాలో రాత్రి రెండింటికి ఫ్రీగా దొరికేది నూడుల్స్, సమోసా అయినప్పుడు మరీ కష్టం. షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ మార్పు చేయొద్దు.

హైదరాబాద్ సంగతికొస్తే, 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి ఒక పత్రం ప్రచురించారు. 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది. కేంద్ర ఆరోగ్య మంత్రి దీన్ని పార్లమెంటులో కూడా ప్రస్తావించారు. వాట్సాప్‌లో ఇది 'ఐటీవాళ్లందరికీ లివర్ పోయింది' అని తిరిగింది. అలా చదవకూడదు. 345 మంది అంటే నగరం మొత్తం కాదు. కాలేయంలో కొవ్వుకు కూర్చునే పని, తిండి, మందు, ఒత్తిడి, బరువు అన్నీ కారణాలే. గడియారం ఒక్కటే దోషి అని ఈ అధ్యయనం తేల్చలేదు. కానీ కాలేయం గడియారం ఎలా తప్పుతుందో తెలిశాక, ఈ అంకె చూసి షిఫ్ట్ రోస్టర్‌ని లెక్కలోంచి తీసేయడం కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే రాత్రి షిఫ్ట్ పనిని 'బహుశా క్యాన్సర్ కారకం' కోవలో పెట్టింది, 2019లో మళ్లీ చూసి అక్కడే ఉంచింది. ఆధారం ఎంత గట్టిదో చెప్పే కోవ అది, ప్రమాదం ఎంతో చెప్పే కొలత కాదు. అందుకని హడలిపోనక్కర్లేదు. డెన్మార్క్ మాత్రం ఏళ్ల తరబడి రాత్రిళ్లు పనిచేసి రొమ్ము క్యాన్సర్ బారినపడ్డ కొందరు మహిళలకు పరిహారం ఇచ్చింది.

మరి ఏళ్ల తరబడి పర్మనెంట్ నైట్ చేసేవాళ్ల గడియారం తిరిగిపోదా? మెలటోనిన్ కొలిచి చూసిన పాత అధ్యయనాలన్నీ 2008లో సైమన్ ఫోల్కార్డ్ ఒకచోట చేర్చి చూశారు. గడియారం పూర్తిగా మారినవాళ్లు 3 శాతం కూడా లేరు. ఎందుకు మారదో నాగోల్ నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. ఐటీ కారిడార్ పడమర, నాగోల్ తూర్పు. మెట్రో రాత్రంతా నడవదు కాబట్టి తెల్లారి షిఫ్ట్ దిగి క్యాబ్‌లో వస్తున్న మనిషికి దారి పొడుగునా సూర్యుడు ఎదురుగా మొహం మీదే ఉంటాడు. ఆఫీసు లైట్లు 300 నుంచి 500 లక్స్ ఉంటే బయటి పొద్దుటి ఎండ వేల లక్స్. రాత్రంతా ఒంటిని అమెరికా వైపు నెట్టుకొచ్చి, ఉప్పల్ దాటేసరికి ఆ ఎండ మళ్లీ హైదరాబాద్‌కు లాగేస్తుంది. అందుకే నిద్ర పరిశోధకులు నైట్ షిఫ్ట్ వాళ్లకు ఇంటికొచ్చే దారిలో నల్ల కళ్లద్దాలు పెట్టుకోమంటారు. ఇది క్యాబ్‌లో వెనక సీట్లో కూర్చున్నవాళ్లకే. నిద్రమత్తులో బైక్ నడుపుకుంటూ వచ్చేవాళ్లకు కాదు. వాళ్లకు చెప్పాల్సింది వేరే: ఆ బైక్ అక్కడే వదిలేసి రండి. ఇంటికొచ్చాక కిటికీలకు మందం పరదా, ఫోన్ ఇంకో గదిలో. అద్దె ఇళ్లలో, హాస్టల్ గదుల్లో పగలు చీకటి చేసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, కింద కూరగాయల బండి మైకు సంగతి సరేసరి.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఇంకో షిఫ్ట్

నైట్ షిఫ్ట్ అంటే ఉద్యోగులకే అనుకోవద్దు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట వీధుల్లో కోచింగ్ పిల్లలున్నారు. రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో ఇంటర్ పిల్లలున్నారు. చాలాచోట్ల తెల్లవారుజామున ఐదింటికే స్టడీ అవర్ బెల్లు, రాత్రి పదిన్నరా పదకొండు దాకా మళ్లీ స్టడీ అవర్. అయితే టీనేజీలో గడియారం సహజంగానే వెనక్కి జరుగుతుంది. నిద్రొచ్చే వేళ ఏటా కాస్త కాస్త ఆలస్యమై, జర్మన్ శాస్త్రవేత్త టిల్ రోయన్‌బెర్గ్ లెక్కల్లో ఇరవై ఏళ్ల ప్రాంతంలో అత్యంత ఆలస్యానికి చేరి, మళ్లీ ముందుకొస్తుంది. పదిహేడేళ్ల పిల్లాడు ఐదింటికి లేవలేకపోవడం బద్ధకం కాదు. వాడి ఒంట్లో అది ఇంకా అర్ధరాత్రే. సియాటిల్‌లో 2016లో హైస్కూళ్లు పొద్దున 7.50 నుంచి 8.45కి మార్చారు. పిల్లలు ఇంకా లేటుగా పడుకుంటారని అందరూ అనుకున్నారు. రోజుకు సగటున 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. కాలిఫోర్నియాలో 2022 నుంచి హైస్కూళ్లు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టకూడదని చట్టమే వచ్చింది. మన దగ్గర ఐదింటికి లేపే కాలేజీకి ఫీజు ఎక్కువ, పేరు ఎక్కువ.

మన చుట్టుపక్కల లేయర్ కోళ్ల ఫారాల్లో గుడ్లు తగ్గకుండా రోజుకు సుమారు 16 గంటల వెలుతురు లెక్కగా ఇస్తారు. ఏ వయసు కోడికి ఎంత వెలుతురో చార్టు ఉంటుంది. గడియారం తప్పితే దిగుబడి పడిపోతుందని అక్కడ అందరికీ తెలుసు.

ఆఫర్ లెటర్ మీద సంతకం ముందు

క్యాంపస్ డ్రైవ్‌లో, ఇంటర్వ్యూలో 'నైట్ షిఫ్ట్స్ ఓకేనా' అని అడిగితే మనోళ్లు ఆలోచించకుండా ఓకే అంటారు. ఓకే అనండి, తప్పులేదు, ఉద్యోగం కావాలి. కానీ తిరిగి రెండు మూడు ప్రశ్నలు అడగడంలో నామోషీ ఏం లేదు. షిఫ్ట్ రొటేషన్ ఎటువైపు అన్నది మొదటిది. మన గడియారం 24 గంటల కంటే కాస్త పెద్దది కాబట్టి వెనక్కి సాగడం దానికి తేలిక. పొద్దున షిఫ్ట్ నుంచి మధ్యాహ్నానికి, అక్కడి నుంచి రాత్రికి మారితే ఒళ్లు పర్వాలేదంటుంది. రాత్రి నుంచి మధ్యాహ్నానికి, అక్కడి నుంచి పొద్దునకి ఉల్టా తిప్పితే నలిగిపోతుంది. వరసగా ఎన్ని రాత్రులు, రెండు షిఫ్టుల మధ్య గ్యాప్ ఎంత, ఆరోగ్యం తేడా చేస్తే డే షిఫ్ట్‌కి మార్చే పద్ధతి ఉందా అన్నవి తర్వాతవి. యూరప్‌లో ఇవన్నీ అడిగి తెలుసుకోవాల్సినవి కావు. 2003 నాటి ఆదేశం ప్రకారం ప్రతి 24 గంటల్లో వరసగా 11 గంటల విశ్రాంతి ఇవ్వాలి, నైట్ డ్యూటీలో వేసే ముందే ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి, తర్వాత కూడా అప్పుడప్పుడూ చేయించాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లో చేసిన రాత్రి పని ఒడంబడికలోనూ ఈ పరీక్షలు, రాత్రి పనికి ఒళ్లు సహకరించనివాళ్లను వీలైతే అలాంటి పగటి పనికి మార్చడం ఉన్నాయి. ఆ ఒడంబడికను భారత్ ఆమోదించలేదు. 40 ఏళ్లు అనే వయసు గీత బదులు, 'నైట్ షిఫ్ట్‌లో చేరే ప్రతి ఒక్కరికీ' అని రాస్తే ఖర్చు కొంత పెరుగుతుంది. నలభై దాటాక కాలేయానికి పెట్టే ఖర్చుతో పోలిస్తే అదెంత?

ఈ సబ్జెక్టు మీదే పనిచేయాలనిపించినవాళ్లకు దారులున్నాయి. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అనితా జగోటా ప్రయోగశాల వయసుతో పాటు మాస్టర్ గడియారంలో మెలటోనిన్, సెరటోనిన్ లయలు ఎలా సడలిపోతాయో ఎలుకల్లో పరిశీలించింది. బెంగళూరు సంగతి పైనే చెప్పాను. లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లకే కాదు, సిగ్నల్ ప్రాసెసింగ్ వచ్చినవాళ్లకూ చోటుంది. చేతి వాచీ నుంచి వచ్చే గుండె వేగం, చర్మం వేడి, కదలికల డేటా నుంచి లోపలి టైమ్ ఎంతో అంచనా వేయడం ఇంకా సరిగ్గా తేలని లెక్క.

దానికంటే దగ్గరి పని ఒకటుంది, మనలో చాలామంది చేయగలిగింది. కంపెనీల్లో రోస్టర్‌ని ఇప్పుడు సాఫ్ట్‌వేరే వేస్తోంది. నాగోల్, ఎల్బీనగర్, వనస్థలిపురం వాళ్లను ఒకే క్యాబ్‌లో ఎలా కలపాలో, డీజిల్ ఎంత మిగుల్తుందో, క్లయింట్ ఒప్పందం ప్రకారం ఏ గంటకు ఎంతమంది సీట్లో ఉండాలో అది క్షణాల్లో తేల్చేస్తుంది. రెండు షిఫ్టుల మధ్య 11 గంటలు తగ్గకూడదు, వరసగా మూడు రాత్రులు మించకూడదు, రొటేషన్ ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే అని ఇంకో మూడు షరతులు అందులో రాయడానికి ఒక జూనియర్ డెవలపర్‌కి సాయంత్రం చాలు. రాయమని చెప్పే మేనేజరే దొరకాలి.